పుల్లలు, బిళ్లలు: చుట్టుకొలత, వైశాల్యం నేర్పే కిట్ తయారీ డైరీ

సికింద్రాబాద్‌లో పద్మారావునగర్ వైపు మా బస్తీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున లెక్కల క్లాసు నడుస్తుంది. వచ్చేది నాలుగు, ఐదు తరగతుల పిల్లలు. దీర్ఘచతురస్రం చుట్టుకొలత, వైశాల్యం వాళ్ల చేతులతో చేయించే కిట్ ఒకటి కట్టాం. ఎవరైనా ఇలాంటిదే చేసుకోవాలనుకుంటే ఏ సామాను పనికొచ్చింది, ఏది చెత్తబుట్టలోకి పోయింది, ఎంత ఖర్చయింది అన్నీ ఇక్కడ ఉన్నాయి.

దశ 0: ముందు పరీక్ష

ఒక్క కాగితం ఇచ్చాం. 8 సెం.మీ., 5 సెం.మీ. అని రెండు భుజాల మీద రాసిన దీర్ఘచతురస్రం. దీని చుట్టూ లేసు కుట్టాలంటే ఎంత లేసు కావాలి, దీని మీద మొత్తం రంగు కాగితం అతికించాలంటే ఎంత కాగితం కావాలి అని రెండే ప్రశ్నలు.

తప్పులు ఎక్కువగా మూడు రకాలు.

1. లేసు 13 సెం.మీ. బొమ్మలో కనిపించే అంకెలు రెండే కదా, రెండూ కూడేశారు. మిగతా రెండు భుజాల మీద ఏమీ రాయలేదు కాబట్టి పిల్లల దృష్టిలో అవి లేవు.
2. లేసు 40. బడిలో ఆఖరున చేసిన పాఠం వైశాల్యం, అందుకని చెయ్యి గుణకారం వైపే పోయింది.
3. రంగు కాగితం 40 సెం.మీ. అంకె సరైనదే, "చదరపు" ఎగిరిపోయింది.

సూత్రాలు అడిగితే గడగడా చెప్పారు. అంటే కంఠస్థం దగ్గర లోపం లేదు. రెండు సూత్రాల్లోకీ వెళ్లేది అవే రెండు అంకెలు, బొమ్మ కూడా అదే, తేడా కూడికా గుణకారమా అన్నదే. అందుకే ఒకదాని చోట ఇంకోటి వస్తోంది. కాబట్టి రెండింటికీ వేర్వేరు వస్తువులు పెట్టాలని, చుట్టుకొలతను ఒకదానితో, వైశాల్యాన్ని ఇంకోదానితో కొలిపించాలని, పిల్లలే విసుగొచ్చి "ఇదంతా లెక్కపెట్టాలా" అనేదాకా బోర్డు మీద సూత్రం రాయకూడదని అనుకున్నాం.

దశ 1: బిళ్లలు

వైశాల్యం కొలవడానికి చతురస్రపు బిళ్లలు. బిళ్ల సైజు 5 సెం.మీ. × 5 సెం.మీ. ఒక సెం.మీ. బిళ్లలైతే చిన్న వేళ్లకు చిక్కవు, చాప కిందికి పోతే దొరకవు. పది సెం.మీ. అయితే బల్ల మీద పట్టవు.

మొదటి రకం: పాత అట్టపెట్టెలు, స్కేలు, కత్తెర. ఖర్చు సున్నా, పనికొచ్చింది కూడా దాదాపు అంతే. గీత ఒకచోట, కత్తెర ఇంకోచోట పోతుంది. ఒక్కో బిళ్లలో మిల్లీమీటరు తేడా అంటే చిన్నదే అనిపిస్తుంది గానీ 12 బిళ్లలు వరసగా పేర్చేసరికి సెంటీమీటరుకు పైగా అవుతుంది. పైవరస కింది వరసకు కలవదు, మధ్యలో సందులు వస్తాయి, అప్పుడు పిల్ల "ఈ సందు కూడా లెక్కా సార్?" అని అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే ఆ రోజు పాఠం అది కాదు.

రెండో రకం: ఏ4 సైజు ఫోమ్ షీట్లు. ఒక్కో షీట్లో 20 బిళ్లలు వస్తాయి. కట్టర్‌తో కోస్తుంటే స్కేలు నొక్కుడికి ఫోమ్ అణిగి, వదలగానే మళ్లీ సాగుతుంది, అంచు ఏటవాలుగా వస్తుంది. 12 బిళ్లల వరస 60 సెం.మీ. రావాలి. ఒక వరస 60.9 వచ్చింది, ఇంకోటి 59.2. దీనికి తోడు సీలింగ్ ఫ్యాన్. హైదరాబాద్ ఎండాకాలంలో ఫ్యాన్ ఆపి క్లాసు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, వేస్తేనేమో బిళ్లలు గాల్లోకి లేస్తున్నాయి.

మూడో రకం, ఇప్పటికీ వాడుతున్నది: 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడి జిగురుతో నొక్కి చేసిన పలక), లేజర్ కటింగ్. నేమ్ ప్లేట్లు, జ్ఞాపికలు చేసే షాపుల్లో చేసిపెడతారు. 12 × 9 గళ్లు, మొత్తం 108 బిళ్లలు. కావాల్సింది 60 × 45 సెం.మీ. ముక్క, అంచులు వదలడానికి 62 × 47 తీసుకోమని చెప్పండి.

ఆర్డరిచ్చేటప్పుడు చెప్పాల్సినవి:

1. పక్కపక్క బిళ్లలకు మధ్య ఒకే గీత గీయమనండి. రెండు గీతలు పడితే రెండుసార్లు కోస్తాడు, డబ్బులూ రెండింతలు.
2. లేజర్ కోసిన చోట కొంచెం చెక్క కాలిపోతుంది. మా బిళ్ల 49.8 మి.మీ. దగ్గర తేలింది. 12 బిళ్లలు దగ్గరగా పేరిస్తే 59.8 సెం.మీ. ఇది ఏ పిల్లాడి కంటికీ కనపడదు, వదిలేయండి.
3. ఓ డజను బిళ్లల మీద ఒక సెం.మీ. గళ్లు పైపైన చెక్కమనండి. ఎందుకో దశ 5లో వస్తుంది.

అంచులకు మసి ఉంటుంది. తడిబట్టతో తుడిస్తే ఎండీఎఫ్ ఉబ్బుతుంది, పొడిబట్టతో తుడిచి సన్న గరుకు కాగితం ఒక్కసారి లాగితే చాలు.

ఖర్చు: ఫోమ్ 120 + ఎండీఎఫ్, కటింగ్, చెక్కుడు కలిపి 600. ఇప్పటిదాకా 720 రూపాయలు.

దశ 2: అంచు పుల్లలు

చుట్టుకొలతకు ముందు పురికొస వాడాం. బిళ్లల చుట్టూ తిప్పి, విప్పి, స్కేలు మీద పెట్టడం. చెప్పడానికి బాగుంది. పట్టుకునేవాడు గట్టిగా లాగితే ఒక కొలత, వదులుగా పట్టుకుంటే ఇంకో కొలత, మూలల దగ్గర దారం గుండ్రంగా తిరుగుతుంది, ముడి వేస్తే ముడికే కొంత పోతుంది. ఒకే ఆకారానికి ముగ్గురు మూడు కొలతలు చెప్పి, మూడూ కరెక్టే అని వాదించారు.

అప్పుడు ఐస్‌క్రీమ్ పుల్లల మీదికి వచ్చాం. మామూలు పుల్ల పొడవు 11.4 సెం.మీ. దాకా ఉంటుంది. రెండు గుండ్రటి చివర్లూ చెరో 7 మి.మీ. తీసేస్తే సరిగ్గా 5 సెం.మీ. ముక్కలు రెండు. బిళ్ల అంచుకు ఒక ముక్క.

కోసే పద్ధతి:

1. కత్తెర వద్దు, పుల్ల నిలువునా చీలుతుంది. కటింగ్ ప్లేయర్ వద్దు, కొన నలిగిపోతుంది.
2. పది పుల్లలు కట్టగా రబ్బరు బ్యాండ్లు వేయండి.
3. ఒక చెక్క మీద అడ్డుగా చిన్న ముక్క బిగించి, దాని నుంచి 5 సెం.మీ. దూరంలో గాడి పెట్టండి. గుండ్రటి చివర తీసేశాక కట్టను అడ్డుకు ఆనించి, గాడిలో హ్యాక్‌సా బ్లేడు నడపండి.
4. కొనలు గరుకు కాగితం మీద రుద్ది, ఎర్ర ఎనామిల్ పెయింట్ వేయండి. బిళ్లలు చెక్క రంగు, పుల్లలు ఎరుపు: కంటికి రెండూ వేరుగా కనపడాలి.

చీలినవి పోగా దాదాపు 190 ముక్కలు మిగిలాయి.

పుల్లలు 80 + పెయింట్ 60 + గరుకు కాగితం 10. ఇప్పటిదాకా 870.

ఇక క్లాసులో జరిగింది. 6 × 4 బిళ్లలు పేర్చి, పుల్లలు ఇవ్వకుండా చుట్టుకొలత అడిగితే చాలామంది అంచున ఉన్న బిళ్లలు లెక్కపెట్టారు. 16 అన్నారు. అసలు 20. ప్రతి దీర్ఘచతురస్రానికీ ఇలాగే సరిగ్గా నాలుగు తక్కువ వస్తుంది, ఎందుకంటే మూల బిళ్లకు బయటి అంచులు రెండు, లెక్కలోకి వచ్చింది మాత్రం ఒక్కసారే. (బిళ్లలు ఒకే వరసలో ఉంటే ఈ నాలుగు లెక్క పనిచేయదు, రెండు వరసలైనా ఉండాలి.) పుల్లలు చేతికిచ్చాక మూల బిళ్ల దగ్గర రెండు పుల్లలు పట్టడం వాళ్లకే కనిపించింది, నేను నోరు తెరవాల్సిన పని పడలేదు.

కానీ పుల్లకు వెడల్పుంది, ఒక సెం.మీ. బిళ్లల బయట ఆనించి పెడితే నాలుగు మూలల్లో చిన్న చతురస్రపు ఖాళీ మిగులుతుంది. ఒకడు నాలుగు పుల్లలు తెచ్చి ఆ ఖాళీల్లో ఏటవాలుగా పెట్టేసి 24 అన్నాడు. ఖాళీ ఉంటే నింపాలనిపించడం సహజమే. అందుకని ఒక రూలు పెట్టాం: నిండుగా బిళ్లకు ఆనని పుల్ల లెక్కలోకి రాదు. పుల్లల్ని నిలబెట్టి చూశాం, పడిపోతున్నాయి. వెదురు పుల్లలు సన్నగా ఉంటాయి గానీ దొర్లుతాయి. రూలుతోనే నడిపిస్తున్నాం.

ఇంకోటి. మొదటి వారాల్లో 4 × 4, 3 × 6 పేర్పించకండి. 4 × 4కు బిళ్లలు 16, పుల్లలు 16. 3 × 6కు రెండూ 18. భుజాలు పూర్ణసంఖ్యలైతే రెండంకెలూ ఇలా సమానమయ్యే దీర్ఘచతురస్రాలు ఈ రెండే, పిల్లలు మాత్రం వెతికి మరీ వీటితోనే మొదలుపెడతారు. అసలే కలగాపులగంగా ఉన్నవాళ్లకు రెండూ ఒకే అంకె చూపిస్తే ఇక విడదీయడం కష్టం.

దశ 3: మూల బిళ్ల తీసేస్తే

ఈ దశ ప్లానులో లేదు. 6 × 4 చుట్టూ పుల్లలు పేర్చి ఉండగా ఐదో తరగతి అమ్మాయి ఒక మూల బిళ్లను వేలితో బయటికి లాగేసింది. "ఇప్పుడెన్ని పుల్లలు?" అని అడిగా. అందరూ తగ్గుతాయన్నారు. కొందరు 19, కొందరు 18.

లెక్కపెట్టించాను. 20. బిళ్లలు మాత్రం 23.

ఎవరూ నమ్మలేదు. మళ్లీ లెక్కపెట్టారు. పక్క గ్రూపు వాళ్లు వచ్చి లెక్కపెట్టారు. మూల బిళ్ల పోయినప్పుడు దాని బయటి రెండు అంచుల పుల్లలూ ఊడతాయి, ఆ బిళ్ల ఇన్నాళ్లూ కప్పి ఉంచిన లోపలి అంచులు రెండు బయటపడతాయి, ఊడిన రెండు పుల్లలూ వెళ్లి అక్కడ కూర్చుంటాయి. ఆ అమ్మాయే పుల్లల్ని అలా జరిపి చూపించింది.

తర్వాత మూల వదిలేసి అంచు మధ్యలోంచి ఒక బిళ్ల తీయించాను. బిళ్లలు మళ్లీ 23. పుల్లలు ఈసారి 22. ఒక అంచు పోయింది, మూడు కొత్తవి వచ్చాయి. "బిళ్లలు తక్కువైనయ్, పుల్లలు ఎక్కువైనయ్, ఇదెట్ల సార్?" అన్నాడు నాలుగో తరగతి పిల్లవాడు, కాస్త కోపంగానే. వైశాల్యం తగ్గితే చుట్టుకొలత కూడా తగ్గి తీరాలని వాడు గట్టిగా నమ్మాడు. పెద్దవాళ్లను అడిగి చూడండి, సగం మంది అదే అంటారు.

ఇబ్బంది ఒకటుంది: లోపలి మూలల దగ్గర పుల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, వెడల్పు వల్లే. ఎక్కనివ్వండి. నాలుగు మూలలూ తీయించకండి, బిళ్లలు 20, పుల్లలు 20 అయి పాత గొడవ మొదటికొస్తుంది.

ఇప్పుడు దీన్ని కావాలనే దశ 2 తర్వాత పెడుతున్నాం.

దశ 4: 24 పుల్లలు, 36 బిళ్లలు

ఒక గ్రూపుకు 24 పుల్లలు ఇచ్చి, అన్నీ వాడుతూ ఎన్ని రకాల దీర్ఘచతురస్రాలు వస్తాయో, లోపల ఎన్ని బిళ్లలు పడతాయో చూడమన్నాం.

1 × 11: 11 బిళ్లలు
2 × 10: 20
3 × 9: 27
4 × 8: 32
5 × 7: 35
6 × 6: 36

ఇంకో గ్రూపుకు 36 బిళ్లలు.

1 × 36: 74 పుల్లలు
2 × 18: 40
3 × 12: 30
4 × 9: 26
6 × 6: 24

1 × 36 అంటే దాదాపు 180 సెం.మీ. పొడవు, బల్ల చాలదు, నేల మీద పేర్చాలి. అది పేర్చడమే వాళ్లకు పండగ. ఈ 36 బిళ్లల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేక "వరసకు తొమ్మిది, నాలుగు వరసలు" అనడం ఇక్కడే మొదలైంది. పొడవు × వెడల్పు అని బోర్డు మీద రాసింది ఆ రోజే. చుట్టుకొలత సూత్రం మాత్రం రెండు రకాలుగా వచ్చింది: కొందరు పొడవు, వెడల్పు కలిపి రెండింతలు చేశారు, కొందరు రెండు పొడవులు, రెండు వెడల్పులు విడిగా కూడారు. రెండూ ఉంచేశాం.

దశ 5: సెంటీమీటర్లలోకి

ఇక్కడిదాకా జవాబులు "20 పుల్లలు", "24 బిళ్లలు" అనే. ఇప్పుడు పుల్ల 5 సెం.మీ. అని చెప్పాం. బిళ్ల ఎన్ని చదరపు సెం.మీ. అంటే హాలంతా "అయిదు!" అందుకే గళ్లు చెక్కిన బిళ్లలు. గళ్లు లెక్కపెట్టి 25 అని వాళ్లే చెప్పాలి.

స్కేలుతో వచ్చే తిప్పలు వేరే. చాలా ప్లాస్టిక్ స్కేళ్లకు సున్నా గీత అంచు మీద ఉండదు, కొన్ని మి.మీ. లోపలికి ఉంటుంది. కొందరు అంచు నుంచి కొలుస్తారు, కొందరు 1 నుంచి. పరిష్కారంగా స్కేళ్ల మీద సున్నా గీతకు ఎర్ర పెయింట్ చుక్క పెట్టాం, పెయింట్ ఎలాగూ మిగిలింది. నోట్‌బుక్‌లో బొమ్మ గీసేటప్పుడు నాలుగు భుజాల మీదా కొలత రాయనిదే లెక్క మొదలుపెట్టనివ్వడం లేదు. 13 అనే జవాబు దాంతో పోయింది.

గళ్ల నోట్‌బుక్‌లు నాలుగు, 140. ఇప్పటిదాకా 1,010.

దశ 6: హాల్ నేల

నేల తాండూరు బండలు. బండలు లెక్కపెట్టి వైశాల్యం చేద్దామనుకున్నాం. టేపు పెట్టి చూస్తే ఒకటి 60 సెం.మీ., పక్కది 58, గోడవార ముక్కలైతే 40 కూడా లేవు. బండల లెక్క అక్కడితో ఆపేశాం. యూనిట్ అన్నీ ఒకే సైజు ఎందుకుండాలో చెప్పడానికి మాత్రం ఆ నేల బాగా ఉపయోగపడింది.

పాత న్యూస్‌పేపర్లు అతికించి 1 మీ. × 1 మీ. కాగితం కోశాం. ఇది ఎన్ని చదరపు సెం.మీ. అంటే వంద అన్నారు. మన బిళ్లలు ఎన్ని పడతాయో చూడమంటే మొత్తం కప్పడానికి 108 చాలవు, అందుకని ఒక అంచున 20, దాని పక్క అంచున పైకి 20 పేర్చారు (మూల బిళ్ల రెండింటికీ ఒకటే, చేతికి 39 చాలు). ఇరవై వరసలు, వరసకు ఇరవై, 400 బిళ్లలు, బిళ్లకు 25: మొత్తం 10,000. గుణకారం చేశాక కూడా ఒకరిద్దరు కాగితం వైపు అనుమానంగానే చూశారు.

హాల్ కొలత 7.40 మీ. × 5.20 మీ. దశాంశాలు వీళ్లకు ఎక్కువ, కాబట్టి లోపల 7 × 5 మీటర్లు సుద్దముక్కతో గీయడమే మేలు.

1. 5 మీటర్ల స్టీలు టేపుతో 7 మీటర్లు ఒక్కసారి రావు. 5 దగ్గర గుర్తు పెట్టి, మిగతా 2 మీటర్లు ఆ గుర్తు నుంచి కొలవాలి. పిల్లలు వేలు పెట్టి ఆపితే వేలి మందం కూడా కలుస్తుంది, సుద్దగీత గీయించండి.
2. టేపు కొస కొక్కెం కొద్దిగా కదులుతుంది. పాడవలేదు, లోపలి కొలతకూ బయటి కొలతకూ దాని మందం సరిపోయేలా కావాలనే అలా చేస్తారు.
3. మూలలు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 8 మీ. 60 సెం.మీ. దగ్గర రావాలి. మాకు మొదట ఒకటి 8.75, ఒకటి 8.45 వచ్చింది, అంటే గీసిన దీర్ఘచతురస్రం వాలిపోయింది, చెరిపేసి మళ్లీ గీశాం.

గీత మీద నడిస్తే 24 మీటర్లు. పేపరు ముక్కలు పరిస్తే 35. నడిచింది చుట్టుకొలత, పరిచింది వైశాల్యం అని పిల్లలే అనడం మొదలుపెట్టారు.

దీని తర్వాత పెద్ద కొలతలు నోటితోనే చేయించాం. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 × 10 మీటర్లు: చుట్టుకొలత 46, వైశాల్యం 130. ఆడవాళ్లది 12 × 8: 40, 96. చార్మినార్ ఒక్కో వైపు దాదాపు 20 మీటర్లు కాబట్టి చుట్టూ 80 మీటర్లు, కింద 400 చదరపు మీటర్లు. "మీటరు కాగితం మీద మన బిళ్లలు కూడా 400 కదా సార్" అని ఒకమ్మాయి వెంటనే పట్టుకుంది. నాకు తట్టలేదు ఆ సంగతి.

టేపు 130 + సుద్దముక్కలు 20 + సెల్లో టేపు 30. ఇప్పటిదాకా 1,190.

దశ 7: ఇళ్ల లెక్కలు

ఒక పిల్లాడి నాన్న టైల్స్ మేస్త్రీ. ఆయన్ను ఓ ఆదివారం పిలిచాం. "మేం ఫ్లోరింగ్ ఎస్సెఫ్టీ లెక్కన తీస్కుంటం, స్కర్టింగ్ రన్నింగ్ ఫీట్ల లెక్కన" అన్నాడు. ఎస్సెఫ్టీ అంటే చదరపు అడుగు, స్కర్టింగ్ అంటే గోడల అడుగున చుట్టూ వేసే పట్టీ, రన్నింగ్ ఫీట్ అంటే ఉత్త పొడవు అడుగుల్లో. రెండు ముక్కల్లో పాఠం అయిపోయింది.

12 × 10 అడుగుల గది ఇచ్చాడు. నేల 120 చదరపు అడుగులు, 2 × 2 టైల్స్ అయితే 6 × 5, ముప్పై. బాక్సుకు నాలుగు వస్తే 8 బాక్సులు కొనాలి, రెండు మిగులుతాయి. స్కర్టింగ్ చుట్టూ 44 అడుగులు. పిల్లలంతా 44 దగ్గర ఆగారు. "తలుపు కాడ స్కర్టింగ్ ఎయ్యం కదా బిడ్డా" అన్నాడాయన. మూడడుగుల తలుపు తీసేస్తే 41. తలుపు తీసేసినా నేల మాత్రం 120 అలాగే ఉంటుందని ఒక్కడే చెప్పాడు, మిగతావాళ్లు అందులోంచి కూడా మూడు తీసేశారు. ఈ ఒక్క లెక్క మీద ఇంకో రెండు గదులు చేయించాల్సి వచ్చింది.

ఐదో తరగతి వాళ్లకు ప్లాట్లు. 200 గజాలంటే ఎంత అని ఈ ఊళ్లో పిల్లలను అడగక్కర్లేదు, ఇంట్లో రోజూ వింటారు. ఒక చదరపు గజానికి 9 చదరపు అడుగులు, 200కు 1,800. గ్రాఫ్ కాగితం మీద సెంటీమీటరుకు పది అడుగుల చొప్పున గీశారు.

30 × 60: ప్రహరీ 180 అడుగులు
36 × 50: 172
40 × 45: 170

గజాలు అవే, ప్రహరీ గోడకు మాత్రం పది అడుగుల తేడా. ఇది ఇంటికి వెళ్లి చెప్తానని ఇద్దరు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

గ్రాఫ్ కాగితాలు 30. మొత్తం 1,220. ఫోమ్ జోలికి పోకుండా నేరుగా ఎండీఎఫ్‌తో మొదలుపెడితే మీకు 1,100కే అవుతుంది.

ప్రస్తుతం

దశ 0 కాగితాన్నే అంకెలు మార్చి, 9 సెం.మీ., 4 సెం.మీ. పెట్టి మళ్లీ ఇచ్చాం. లేసుకు 13 రాసినవాళ్లు ఎవరూ లేరు. లేసుకు 36 రాసినవాళ్లు ఇద్దరున్నారు, ఇద్దరూ దశ 2, 3 జరిగిన వారాల్లో రానివాళ్లే. "చదరపు" మర్చిపోవడం మాత్రం తగ్గింది గానీ పోలేదు. జవాబు పక్కన బిళ్ల బొమ్మో పుల్ల బొమ్మో గీశాకే యూనిట్ రాయమంటున్నాం, ఫలితం ఇంకా చూడాలి.

పుల్లలు పోతూనే ఉన్నాయి, 190లో ఇప్పుడు 160 దాకా ఉన్నాయి. 1 × 36కు 74 కావాలి, రెండు గ్రూపులు ఒకేసారి చేస్తే 148, ఇంకొన్ని పోతే చాలవు, కాబట్టి ఇంకో ప్యాకెట్ కోయాలి. రెండో కిట్‌కు బిళ్లలు 108 బదులు 120 చెప్పాలనుకుంటున్నాం: 12 × 10, ముక్క 62 × 52. గళ్లు చెక్కేది 12 కాకుండా 25 బిళ్లల మీద.